తారు పడని తెల్లబాటలు: టస్కనీ కొండల్లో పాత సైకిళ్లు నిలబెట్టిన దారులు

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, సియెనా నగరానికి ఈశాన్యంగా, కొండల నడుమ గయోలె ఇన్ కియాంటి అనే చిన్న పట్టణం ఉంది. జనాభా మూడు వేలకు మించదు. ఏటా అక్టోబరు మొదటి ఆదివారం తెల్లవారకముందే ఈ పట్టణపు వీధి సైకిళ్లతో నిండిపోతుంది. ఉన్ని చొక్కాలు, తోలు బూట్లు, భుజాల మీదుగా అడ్డంగా చుట్టుకున్న అదనపు టైర్లతో వేలమంది చీకట్లోనే బయలుదేరతారు. వారు తొక్కే ఉక్కు సైకిళ్లలో చాలా భాగం తొక్కేవారి తాతల నాటివి. ఇది పందెం కాదు. ముందుగా చేరినవారికి బహుమతి లేదు. మధ్యలో ఆగినచోటల్లా చేతిలోని కార్డుపై ముద్ర వేయించుకుని, సాయంత్రానికి తిరిగి గయోలె చేరుకోవడమే లక్ష్యం.

దీని పేరు లెరోయికా, అంటే 'వీరోచితమైనది'. 1997లో జియాంకార్లో బ్రోచ్చి ప్రారంభించినప్పుడు 92 మంది పాల్గొన్నారు. అప్పటి ఉద్దేశం పాత సైకిళ్లను ప్రదర్శించడం ఒక్కటే కాదు. ఈ కొండల్లో మిగిలిన తారు లేని బాటలు ఒక్కొక్కటిగా మాయమవుతున్న రోజులవి. వాటిని నిలబెట్టాలంటే వాటిపై మనుషులు తిరగాలి, వాటికొక విలువ ఉందని స్థానిక పాలకులకు తెలియాలి. ఆ పనికి సైకిలు సాధనమైంది.

తెలుపు ఎక్కడిది?

తెలంగాణ పల్లెల్లో మొరం పోసిన బాట ఎర్రగా ఉంటుంది. సియెనా పరిసరాల్లో అదే రకం బాట తెల్లగా ఉంటుంది. స్థానికంగా దొరికే సున్నపురాయిని, లేత రంగు రాతిని కంకరగా కొట్టి పరిచి, చక్రాల బరువుతో గట్టిపడనిచ్చిన దారులు ఇవి. ఇటాలియన్ భాషలో వీటిని 'స్త్రాదె బియాంకె', అంటే తెల్లబాటలు అంటారు. సియెనాకు ఆగ్నేయంగా ఉన్న 'క్రేతె సెనేసి' ప్రాంతంలో నేల సైతం బూడిద వన్నె బంకమన్నే. లక్షల ఏళ్ల కిందట అది సముద్రపు అడుగు. వేసవిలో నెర్రెలిచ్చి, వానాకాలంలో జారే ఆ మట్టిపై వాలులో వేసిన దారి నిలవదు. అందుకే బాటలు కొండ వీపు వెంట సాగుతాయి. ఎత్తున నడిచిన దారి వాగు అడ్డం రాగానే నిట్టనిలువుగా దిగి, ఆవలి గట్టున అంతే నిట్టగా ఎక్కుతుంది. ఆల్ప్స్ పర్వతాల్లోలా గంటసేపు ఒకే తీరుగా ఎక్కే కనుమ ఇక్కడ లేదు. ఉన్నవన్నీ చిన్న ఎక్కుళ్లే, కానీ రోజంతా తెగకుండా వస్తూనే ఉంటాయి. సుమారు 209 కిలోమీటర్ల పెద్ద మార్గంలో ఎక్కిన ఎత్తులన్నీ కలిపితే మూడున్నర వేల మీటర్లు దాటుతుంది. అందులో సగానికి పైగా కంకర బాటే.

ఈ బాటలు యాత్రికుల కోసం వేసినవి కావు. శతాబ్దాల పాటు ఇక్కడి వ్యవసాయం 'మెద్జద్రియా' పద్ధతిలో సాగింది. భూమి దొరది, కష్టం రైతు కుటుంబానిది, పంట చెరిసగం. తెలుగు పల్లెల్లో పాలు వ్యవసాయం తెలిసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ప్రతి కుటుంబం తనకు అప్పగించిన పొలం నడుమనే, ఊరికి దూరంగా, రాతి ఇంట్లో ఉండేది. ఆ ఇళ్లను ఊరితోనూ, దొరగారి కొట్టుతోనూ కలిపేందుకే ఈ దారుల అల్లిక పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత రైతులు ఫ్యాక్టరీల వైపు కదిలారు. 1964 నాటి చట్టం కొత్త పాలు ఒప్పందాలను నిషేధించింది, 1982 నాటి చట్టం మిగిలినవాటిని కౌలుగా మార్చే వీలు కల్పించింది. ఇళ్లు పాడుబడ్డాయి. దారుల్లో కొన్ని తుప్పలు కమ్మి పోయాయి, కొన్నింటిపై తారు పడింది. నేడు సైకిలు యాత్రికులు మురిసి చూసే ఏకాంత సౌందర్యం వెనుక, జనం ఖాళీ చేసి వెళ్లిన పల్లెల కథ ఉంది. పర్యాటక ప్రకటనల్లో ఆ కథ కనిపించదు.

కొండకొక కోట

ఊళ్లన్నీ కొండ శిఖరాలపైనే ఎందుకున్నాయన్న ప్రశ్న సైకిలు తొక్కేవారి కాళ్లకు తప్పక తోస్తుంది. ఫ్లోరెన్స్, సియెనా నగర రాజ్యాల మధ్య శతాబ్దాల వైరానికి కియాంటి సరిహద్దు భూమి. 1260లో సియెనా సమీపాన మొంతాపెర్తి వద్ద జరిగిన యుద్ధంలో ఫ్లోరెన్స్ సేన ఘోరంగా ఓడింది. తరువాతి కాలంలో గయోలె, రద్ద, కాస్తెల్లీనా ఊళ్లు ఫ్లోరెన్స్ పక్షాన 'కియాంటి కూటమి'గా ఏర్పడ్డాయి. ఆ కూటమి చిహ్నమైన నల్లకోడి ఈనాటికీ కియాంటి క్లాసికో ద్రాక్షసారా సీసాలపై కనిపిస్తుంది.

ఆ కోడికి ఒక జానపద కథ ఉంది. కోడి కూయగానే ఇరు నగరాల నుంచి చెరొక రౌతు బయలుదేరాలి, వారు కలుసుకున్నచోట సరిహద్దు అని ఒప్పందం. సియెనావారు తెల్లకోడిని బాగా మేపారు, అది హాయిగా నిద్రపోయింది. ఫ్లోరెన్స్‌వారు నల్లకోడిని పస్తుంచారు, అది ఆకలికి తాళలేక తెల్లవారకముందే కూసింది. రౌతులిద్దరూ సియెనాకు కూతవేటు దూరంలోనే ఎదురుపడ్డారట. కథ నిజమైనా కాకపోయినా, కియాంటిలో అధికభాగం ఫ్లోరెన్స్ వశమైన మాట వాస్తవం.

గయోలె దాటగానే ఎదురయ్యే బ్రోలియో కోట 1141 నుంచి రికసోలీ వంశానిది. ఏకీకృత ఇటలీకి రెండో ప్రధానిగా పనిచేసిన బెత్తీనో రికసోలీ ఇక్కడివాడే. కియాంటి ద్రాక్షసారాలో ఏ ద్రాక్ష ఎంత పాత్ర వహించాలో 1872లో నిర్ణయించి చెప్పింది కూడా ఆయనే. చీకట్లో దీపాల వెలుగున, సరుగుడు తోపులను తలపించే సైప్రస్ చెట్ల వరుసల మధ్య ఈ కోటకు ఎక్కడం లెరోయికాలో తొలి పరీక్ష. దక్షిణాన మొంతల్చీనో ఉంది. 1555లో సియెనా లొంగిపోయాక, ఆ గణరాజ్యపు మిగిలిన పెద్దలు ఈ కొండపైకి చేరి మరో నాలుగేళ్లు, 1559 వరకు నిలిచారు. అక్కడికి సైకిలుపై ఎక్కినవారికి ఆ నాలుగేళ్లు ఎలా సాధ్యమయ్యాయో వేరే చెప్పవలసిన పని ఉండదు.

పాత సైకిలు, పెద్ద పన్ను

పెద్ద ఉత్సవానికి 1987కు పూర్వపు సైకిళ్లనే అనుమతిస్తారు. గేరు మీటలు ఫ్రేము కింది గొట్టానికే ఉండాలి, బ్రేకు వైర్లు హ్యాండిలు బయట కనిపించాలి, పెడళ్లకు పాదాన్ని బిగించే పట్టీలు ఉండాలి. ఆ సంవత్సరాల చుట్టూనే బూటు అంటుకునే పెడళ్లు, హ్యాండిలు లోపల దాగే వైర్లు వ్యాప్తిలోకి వచ్చి పందెపు సైకిలు రూపు మారింది. నిబంధన అర్థం అదే.

తేడా ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. పాత పందెపు సైకిలుకు ముందు చక్రపు పళ్లు 42, వెనుక పెద్ద చక్రపు పళ్లు 24 అనుకుంటే, పెడలు ఒక చుట్టు తిప్పితే వెనుక చక్రం ఒకటిముప్పావు చుట్లు తిరుగుతుంది. సైకిలు సుమారు 3.7 మీటర్లు కదులుతుంది. నేటి సైకిళ్లలో ముందు 34, వెనుక 34 పళ్లు అమర్చుకోవచ్చు. అప్పుడు ఒక చుట్టుకు కదిలేది 2.1 మీటర్లే. ఎక్కుడులో తక్కువ దూరం కదలడమంటే కాలిపై తక్కువ భారం పడటమే. పాత సైకిలువారికి ఆ వెసులుబాటు లేదు. పోనీ, లేచి నిలబడి తొక్కుదామంటే వెనుక చక్రంపై బరువు తగ్గి కంకరలో జారుతుంది. కూర్చునే, నడుము వంచకుండా, నెమ్మదిగా తొక్కాలి. కుదరకపోతే దిగి నడిపించుకుపోవాలి. నడవడం ఇక్కడ నామోషీ కాదు.

దిగుడు మరో సమస్య. వాహనాలు తిరిగిన చోట బాట అలలు అలలుగా గట్టిపడుతుంది, మలుపుల వెలుపలి అంచున వదులు కంకర పోగవుతుంది. బ్రేకు గట్టిగా పడితే ముందు చక్రం జారుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించి, చక్రాలు గట్టిపడ్డ గాడిలో ఉండేలా చూసుకోవడమే అనుభవజ్ఞుల పద్ధతి. వాన పడితే ఇక చెప్పనక్కరలేదు, బంకమట్టి చక్రానికి, ఫ్రేముకు మధ్య కూరుకుపోతుంది.

దారిలో విశ్రాంతి స్థలాల్లో పెట్టేది శక్తి బిళ్లలు కాదు. ఎండిన రొట్టె, చిక్కుడు గింజలు, నల్లక్యాబేజీ కలిపి ఉడికించిన 'రిబొల్లీతా' పులుసు. ఆ పేరుకు 'మళ్లీ కాచినది' అని అర్థం. నిన్నటిది నేడు వేడిచేసి తిన్న పేద రైతుల తిండి అది, మన చద్దన్నానికి దగ్గరి చుట్టం.

పందెగాళ్ల రాక

పాత సైకిళ్ల ఉత్సవం నుంచే 2007లో వృత్తి క్రీడాకారుల పందెం పుట్టింది. రష్యాకు చెందిన అలెగ్జాండర్ కొలొబ్నెవ్ తొలి విజేత. మరుసటి ఏడాది నుంచి అది వసంతారంభానికి మారింది, అనంతరం 'స్త్రాదె బియాంకె' అన్న పేరే స్థిరపడింది. 2015 నుంచి మహిళల పందెం కూడా జరుగుతోంది. ముగింపు సియెనాలోని పియాజ్జా దెల్ కాంపో చతురస్రంలో. దానికి ముందు శాంతా కతెరీనా వీధిలో రాతి పలకల ఎక్కుడు ఒకచోట 16 శాతానికి చేరుతుంది. 2024లో స్లొవేనియా వీరుడు తాదేయ్ పొగాచర్ గమ్యానికి 81 కిలోమీటర్ల ముందే, మొంతె శాంతె మరియె కంకర బాటపై ఒంటరిగా ముందుకు దూసుకుపోయి గెలిచాడు.

టెలివిజన్ ప్రసారాలతో ఈ దుమ్ము దారులు ప్రపంచమంతటికీ పరిచయమయ్యాయి. లెరోయికా తరహా ఉత్సవాలు జపాన్, బ్రిటన్, స్పెయిన్ దేశాలకూ విస్తరించాయి. గయోలెలో మొదలయ్యే పెద్ద మార్గానికి శాశ్వత సూచికలు నాటారు, ఏడాది పొడవునా ఎవరైనా, ఏ సైకిలుపైనైనా తొక్కవచ్చు.

అయితే బాట పక్కనే కాపురం ఉండేవారి మాట వేరుగా ఉండవచ్చు. కారు వెళ్లిన ప్రతిసారీ లేచే దుమ్ము బట్టలపై, కిటికీలపై, ద్రాక్ష ఆకులపై పేరుకుంటుంది. కంకర బాట తారు రోడ్డులా వేసి మరచిపోయేది కాదు. వానలకు కొట్టుకుపోయిన చోట మళ్లీ పోయాలి, పక్క కాలువలు పూడిక తీయాలి, గాళ్లు చదును చేయాలి. పూర్వం ఆ చాకిరీ చేసిన పాలు రైతులు ఇప్పుడు లేరు. ఆ ఖర్చు స్థానిక సంస్థల పద్దులోకి వచ్చింది. పందేనికి ముందు వారాల్లో సియెనా చుట్టుపక్కల బాటలపై చదును చేసే యంత్రాలు తిరుగుతాయి. మిగిలిన నెలల్లో ఏ దారికి ముందు మట్టి పోయాలన్నది ఆయా ఊళ్ల పాలకులు తేల్చుకోవలసిందే.