భాగ్యనగర భవనములకు ఛాయాచిత్రములు

హైదరాబాదు నగరమున చార్మినారు నుండి నయాపూలునకు వచ్చు త్రోవలో దివాన్ దేవిడీ యను స్థలము గలదు. నేడచ్చట పెద్ద ద్వారములు మాత్రము మిగిలియున్నవి. లోపల నంతయు దుకాణములే. సాలార్జంగు వంశమువారు నివసించిన యా సౌధములలో అద్దముల మందిర మొకటియు, గోడలకును స్తంభములకును పింగాణి పళ్లెములు పొదిగిన చీనీఖానా యొకటియు నుండెడివి. వానిని కన్నులార చూడగోరువాడు పాత ఛాయాచిత్రముల నాశ్రయింపవలసినదే. ఆ చిత్రములు తీసినవారిలో ముఖ్యుడు లాలా దీనదయాళు.

దీనదయాళు 1844లో మీరటు చెంతనున్న సర్ధానాలో జన్మించెను. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరు మరామతు శాఖలో భవనముల నక్షాలు గీయుచు, ఖర్చు అంచనాలు వేయుచు నుండెను. ఛాయాచిత్రణ మాయనకు పట్టుపడినది ఆ కొలువులో నున్నప్పుడే. కొలతబద్ద కలవాటుపడిన చేయి యగుటచేత కాబోలు, ఆయన తీసిన భవనములలో స్తంభములు నిట్టనిలువుగా నిలుచును, కమానులను లెక్కింపవచ్చును, మెట్టు మెట్టును విడివిడిగా కానవచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి 'ముసవ్విర్ జంగ్' అను బిరుదము నొసంగెను. ఆయన సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పి, 1905లో గతించెను. ఆ స్టూడియోకు చెందిన గాజుపలకలు 2,857 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. రాజుల దర్బారులకును, వేటలకును తీసిన చిత్రములను జనులు వేడుకగా చూతురు. నా మట్టునకు, మనుష్యు లెవ్వరును లేని యా మేడల చిత్రములే యెక్కువ విలువగలవిగా తోచుచున్నవి.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచివేసినది. వేలకొలది జనులు మడిసిరి. వీధులకు వీధులే కొట్టుకొనిపోయినవి. ఆ వరదల ఛాయాచిత్రములు నేటికిని లభించుచున్నవి. పిదప విశ్వేశ్వరయ్యగారి సలహాపై 1920లో ఉస్మాన్ సాగరమును, 1927లో హిమాయత్ సాగరమును వెలసినవి. నదికి రెండు గట్టులను విన్సెంట్ ఎష్ అను శిల్పి రూపకల్పన గావించిన హైకోర్టు భవనమును, ఉస్మానియా ఆసుపత్రియు లేచి నిలిచినవి. ఆసుపత్రి యావరణములో నొక చింతచెట్టు గలదు. వరదనాడు సుమారు నూటయేబదిమంది దాని కొమ్మలెక్కి ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. వరదనాటి చిత్రమును చేతబట్టుకొని నేటి గట్టుపై నిలుచువానికి, నగరమంతయు తిరిగి కట్టబడినదని యొకరు చెప్పనక్కఱలేదు.

మఱి భవనమును చిత్రించుట యెట్లు? చేతిఫోను గల ప్రతివాడును ఛాయాగ్రాహకుడే యైన యీ కాలమున ఇదియు నొక ప్రశ్నయా యని కొందఱు నవ్వవచ్చును. ఎత్తైన మేడను క్రిందనుండి తీయువాడు కెమెరాను పైకెత్తును. ఎత్తగానే ప్రక్కగోడలు రెండును మీదికిపోయినకొలది దగ్గఱకు జరిగి, మేడ వెనుకకు వాలిపోవుచున్నట్లు కానవచ్చును. దీనదయాళు కాలపు పెద్ద కెమెరాలలో గాజుపలకను నిలువుగానే యుంచి కటకమును మాత్రము పైకి జరుపు ఏర్పా టుండెడిది. అట్టి కటకములు నేడును దొరకును గాని వెల హెచ్చు. అవి లేనివాడు ఎదుటి యింటివారి ననుమతి యడిగి రెండవ యంతస్తు ఎక్కి, ఫోనును నిటారుగా పట్టుకొన్నచో చాలవఱకు ఆ ఫలమే దక్కును. కంప్యూటరులో గీతలను సరిదిద్దుకొనవచ్చునని వాదింతురు. నిజమే, కాని యట్లు లాగి సరిదిద్దినపుడు మేడ యెత్తునకును వెడల్పునకును గల పొంత చెడును. ముందునాళ్లలో ఆ చిత్రమును జూచి కొలత లూహింపవలసిన వాడు మోసపోవును.

ఇక వెలుగు మాట. హైకోర్టు మూసీకి దక్షిణపు గట్టున నున్నది. నదివైపు మొగము ఉత్తరమునకు తిరిగియున్నది. ఆసుపత్రి ఉత్తరపు గట్టున నున్నది. దాని నదీముఖము దక్షిణమునకు. శీతకాలమున సూర్యుడు దక్షిణముగా నడచును గనుక మార్గశీర పుష్యములలో ఆసుపత్రి గుమ్మటములపై ప్రొద్దున నుండి సాయంకాలము వఱకు వెలుగు పడుచుండును. ఎదుట హైకోర్టు నీడలో మునిగియుండును. వైశాఖ జ్యేష్ఠములు వచ్చిన గాని ఉదయపుటెండ ఈశాన్యము నుండి హైకోర్టు మొగముపై ఏటవాలుగా ప్రసరింపదు. ఆ ఏటవాలు వెలుగు లోనే జాలీలును, కమానుల యంచులును, రాతిపై చెక్కిన తీగెలును పైకి తేలి కనబడును. నడిమధ్యాహ్నము తీసిన చిత్రమున ఆ పనితన మంతయు చదునైపోవును. ఇది అలంకారమునకై చెప్పుమాట కాదు. 2019 మే నెలలో చార్మినారు మినారొకదానినుండి గచ్చు పెళ్ల యూడిపడినది. దానిని తిరిగి పూయు పనివానికి, ఊడిన చోట పూర్వమే తీగె, ఏ పువ్వు ఉండెనో తెలియవలయును గదా! సాక్ష్యము చెప్పవలసినది ఛాయాచిత్రమే.

ఒకనాటి యుదయమున నేనొక పాతభవనపు గోడను ఫోనులో తీయుచుండగా కాపలావాడు వచ్చి, "అయ్యా, ఈ పెచ్చులూడిన గోడ మీకెందుకు? అటు కొత్తగేటు కట్టినారు, అది తీసుకోండి" అని హితవు పలికెను. అతని తప్పేమున్నది? పెద్దలే యట్లు తలంచుచుండ కాపలావాని ననుట న్యాయము గాదు.

1888లో ఆరవ నిజాము కాలమున కట్టిన సైఫాబాదు సౌధము, పిమ్మట సచివాలయములో 'జి' బ్లాకుగా పిలువబడుచు వచ్చి, 2020 జూలైలో తక్కిన భవనములతోపాటు నేలమట్టమైనది. కూల్చివేత జరుగుచుండగా పత్రికలవారిని ఆవరణములోనికి రానీయలేదు. చూచి వ్రాయుటకును, చిత్రములు తీయుటకును అనుమతికై హైకోర్టు గడప త్రొక్కవలసి వచ్చినది. క్రొత్త సచివాలయము 2023 ఏప్రిల్ 30న తెఱువబడినది. దానికి చిత్రముల కొదువ లేదు. పాతది ఉండవలెనా, పోవలెనా యనుటలో అభిప్రాయభేదము లుండవచ్చును. ఒక భవనము పోవునపుడు దాని తుదిరూపమును ప్రజలు చూడకుండ చేయుట యందు మాత్రము రెండు న్యాయములు లేవు. పోయినను పటము మిగులవలయును.

ఇతర దేశములవా రీ పని నెట్లు చేసిరి? 1860 దశకమున ప్యారిస్ పురపాలకులు పాతవీధులను చీల్చి రాజవీధులు వేయుచు, పడగొట్టబోవు వీధులను తామే మార్విల్ అను ఛాయాగ్రాహకునిచేత తీయించిరి. అవి నాలుగువందలకు పైబడియున్నవి. లండనులో ప్రభుత్వము పూనుకొనలేదు. 1875లో ఆక్స్‌ఫర్డ్ ఆర్మ్స్ అను ప్రాచీన సత్రమునకు చేటుకాలము వచ్చినదని తెలిసి కొందఱు పౌరులు సంఘముగా నేర్పడిరి. చందాలు వేసికొని ఛాయాగ్రాహకుల నియమించి, 1886 వఱకు 120 చిత్రములు ప్రకటించిరి. ఆ సత్రము దక్కలేదు. దాని లోముంగిలి, చుట్టు నున్న కొయ్య వసారాలు మాత్రము ఆ చిత్రములలో నేటికిని దర్శన మిచ్చుచున్నవి.

మనకును ఆ రెండవ మార్గమే మేలని తోచుచున్నది. 1870 ప్రాంతమున నవాబు ఫక్రుల్ ముల్కు కట్టించిన ఇర్రమ్ మంజిలును పడగొట్టి శాసనసభ కట్టవలెనను నిర్ణయమును 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసినది. ఉస్మానియా ఆసుపత్రిని గూర్చి 2015లోనే పడగొట్టు మాట పుట్టినది. 2020 జూలైలో వాననీరు వార్డులలో చేరగా ఆ పాతభవనమును ఖాళీ చేయించిరి. ఇవి పదిమంది నోట పడిన కట్టడములు గనుక వాని పక్షమున వాదించువారు గలరు. వీధిలోని పాత దేవిడీకి, మండువా లోగిలికి, కొయ్యబాల్కనీల దుకాణపు మేడకు వాదించువా రెవ్వరు? అన్నదమ్ములు పంచుకొని, బిల్డరు కిచ్చి, ఆఱునెలలలో అపార్టుమెంటుగా మార్తురు. అమ్ముకొనువాని యవసరము లెన్నియో యుండును. నే నాతని నిందింపను. ఒప్పందముపై చేవ్రాలు చేయకముందు ఒక్కదినము కెమెరాకు కేటాయించుమని మాత్రము వేడుచున్నాను.

ఆ దినము చేయవలసిన దిది. వీధివైపు మొగమును తిన్నగా ఎదుట నిలిచి తీయవలెను. పిదప మూలనుండి, రెండు గోడలును కనబడునట్లు. తరువాత గుమ్మము, దానిపై చెక్కడము, దూలములు, వాసములు, నడిముంగిలి, మెట్లు, బావి. ఎత్తు తెలియుటకై గుమ్మముచెంత నొక మనిషిని నిలుపవలెను. ఆ నిలుచువాడు ఇంటి పెద్దయైనచో మఱియు మంచిది. గోడమీది విద్యుత్తు తీగెలను, ప్రకటన పలకలను చూచి చిన్నబోవలదు. అవియు నీ కాలపు గుఱుతులే. ఫోనులోని చిత్రము ఫోనుతోనే పోవును గనుక మంచి కాగితముపై అచ్చు వేయించి, తేదీ, వీధిపేరు, ఏ దిక్కునుండి తీసినదియు, కట్టించినవారి పేరును వెనుక వ్రాసి, దస్తావేజుల పెట్టెలో నొక ప్రతి నుంచి, రెండవ ప్రతిని ఊరి గ్రంథాలయమున కీయవలెను.

ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటము లింకను నిలిచియున్నవి. మార్గశీర మాసమున, ఎండ కాకమునుపే, నయాపూలుమీద నిలుచున్నచో వానిపై వెలుగు చక్కగా పడును.