ప్రళయకావేరి ఒడ్డున వలందుల సమాధులు

తమిళులు పళవేర్కాడు అనీ, మన పెద్దలు ప్రళయకావేరి అనీ, పటాలు పులికాట్ అనీ పేర్కొనే ఊరు ఒక్కటే. తిరువళ్ళూరు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ రేవులో చిన్న శ్మశానవాటిక ఒకటి ఉన్నది. దాని ద్వారానికి ఇరువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలిచి ఉంటాయి. అది 1656 నాటి ద్వారం. లోపల నిద్రిస్తున్నవారు వలందులు, అనగా డచ్చివారు.

వారు ఇంత దూరం ఎందుకు వచ్చారు? తూర్పు దీవులలోని వర్తకులు జాజికాయ, లవంగం వంటి సుగంధద్రవ్యాలకు మారుగా మన తీరపు నేత, అద్దకపు వస్త్రాలనే కోరేవారు. కనుక మిరియాలు కావలసినవారికి ముందుగా మన బట్ట కావలసివచ్చింది. విజయనగర ప్రభువు వేంకటపతిదేవరాయల అనుమతితో 1610లో ఇక్కడ స్థావరం ఏర్పరచుకొని, 1613లో గెల్డ్రియా కోటను కట్టుకున్నారు. 1690లో ముఖ్యకేంద్రం నాగపట్టణానికి తరలింది. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైంది. ఇప్పుడు కోట శిథిలమై కనిపిస్తుంది. శ్మశానం మాత్రం భారత పురావస్తు శాఖ రక్షణలో మిగిలింది. పలకలపై డచ్చి అక్షరాలు, వంశచిహ్నాలు నేటికీ చూడవచ్చు.

ఈ ఊరినుండి వెళ్ళినది బట్ట ఒక్కటే కాదు. 1632 నుండి పదేళ్ళు ఇక్కడ మతబోధకుడుగా ఉన్న అబ్రహాం రోజరియస్, పద్మనాభుడనే బ్రాహ్మణుని సాయంతో హిందూ ఆచారాలను గూర్చి గ్రంథం వ్రాశాడు. అతని మరణానంతరం 1651లో అది అచ్చయింది. మన పిల్లలు ఏనుగు లక్ష్మణకవి పద్యాలుగా వల్లించే భర్తృహరి సుభాషితాలు, ఆ గ్రంథం ద్వారా ఆనాడే డచ్చి భాషకు చేరాయి.

అయితే రాళ్ళు సగం చరిత్రనే చెబుతాయి. కరవు కాలాలలో పొట్టకూటికి అమ్ముడుపోయినవారిని ఇదే రేవునుండి బానిసలుగా బటావియాకు ఓడలలో పంపారు. వారికి ఇక్కడ సమాధి లేదు, పేరు లేదు. ఈ వర్తకానికి ఆధారమైన బట్ట నేసిన సాలెవారికీ ఫలకం లేదు.

అందువల్ల విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్ళే ఉపాధ్యాయులకు ఒక మనవి. పలకలమీద పేర్లు గీకవద్దని తప్పక చెప్పండి. పలకలమీద ఉన్న పేర్లను చూపిన పిమ్మట, లేని పేర్లు ఎవరివో కూడా అడగండి. పాఠం అక్కడినుండే మొదలవుతుంది.