కలిమి ఇచ్చిందెంత, కుంచె సాధించిందెంత?

ద్వారకలో మెట్రో బ్లూ లైన్ ఎక్కి మండీ హౌస్‌లో దిగితే, ఇండియా గేట్ పక్కనున్న జైపూర్ హౌస్ ఎంతో దూరం కాదు. 1954 నుంచి అక్కడే ఉన్న జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో అమృతా షేర్‌గిల్ చిత్రాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. 2023 సెప్టెంబరులో ఆమె చిత్రం ఒకటి వేలంలో 61.8 కోట్ల రూపాయలు పలికింది. అప్పటి నుంచి ఆమె గురించి మాట వస్తే ఆ ధర, పుట్టిన గొప్ప ఇల్లు, 28 ఏళ్ళకే ముగిసిన జీవితం ముందుకొస్తున్నాయి, బొమ్మలు వెనకబడుతున్నాయి. ఆమె పుట్టుకను దాచనక్కర్లేదు. అయితే ఆ కలిమి ఏం ఇచ్చింది, ఏం ఇవ్వలేకపోయింది అన్నది విడదీసి చూస్తేనే ఆమె గొప్పతనం అర్థమవుతుంది.

ఇచ్చినదేమీ తక్కువ కాదు. తండ్రి ఉమ్రావ్ సింగ్ పంజాబులోని మజీఠియా ప్రభువంశీకుడు, సంస్కృత, పారశీకాలు చదివిన పండితుడు, ఫోటోగ్రాఫర్. తల్లి మేరీ ఆంటోనెట్ హంగరీకి చెందిన గాయని. 1913 జనవరి 30న బుడాపెస్ట్‌లో పుట్టిన అమృత సిమ్లాలో పెరిగి, 1929లో కుటుంబంతో పారిస్ చేరింది. అక్కడి ప్రసిద్ధ కళాశాలలో లూసియన్ సిమోన్ దగ్గర నేర్చుకుంది. 1933లో ఆమె చిత్రానికి పారిస్ గ్రాండ్ సలోన్‌లో బంగారు పతకం వచ్చింది. ఆ రోజుల్లో మామూలు ఇంటి ఆడపిల్లకు ఇందులో ఏ ఒక్కటీ అందేది కాదు.

అక్కడితో ఆగి ఉంటే ఆమె పారిస్‌లో పేరున్న చిత్రకారిణిగా మిగిలేది. కానీ 1934 చివర్లో భారతదేశానికి తిరిగొచ్చి, నేర్చుకున్న పద్ధతినే మార్చుకోవడం మొదలుపెట్టింది. సిమ్లా కళాసంఘం కొన్ని బొమ్మలను తిరస్కరించి ఒకదానికి బహుమతి ఇస్తే, ఆ బహుమతిని వెనక్కి పంపేసింది. దక్షిణాది యాత్రలో హైదరాబాదు వచ్చినప్పుడు, సాలార్ జంగ్ నవాబు మక్కువతో కొన్న ఐరోపా చిత్రాలు తనకు నచ్చలేదని ఆయన ముందే చెప్పింది. ఆయన ఆమె బొమ్మలు కొనలేదు. పెద్దింటి పరిచయాలతో ఆయన దాకా వెళ్ళిన మనిషి అమ్మకం కోసం తన అభిప్రాయాన్ని మార్చుకోలేదు. అజంతా గోడలను చూశాక, 1937లో గీసిన ‘బ్రహ్మచారులు’, ‘పెళ్ళికూతురు అలంకరణ’, ‘సంతకు వెళ్తున్న దక్షిణ భారత గ్రామీణులు’ అనే మూడింటిలో వివరాలు తగ్గాయి, ఆకారాలు నిండుగా నిలిచాయి.

“గొప్పింటి అమ్మాయి పేదల బొమ్మలు గీసి పేరు తెచ్చుకుంది” అనే ఆక్షేపణ ఒకటుంది. అందులో కొంత నిజముంది: పేదల జీవితం ఆమెది కాదు, ‘కొండ మనుషులు’ వంటి తొలి చిత్రాల్లో ఆ దూరం కనిపిస్తుంది. కానీ 1935 నాటి ‘ముగ్గురు అమ్మాయిలు’ చిత్రంలో ఉన్నది ఆమె బంధువుల పిల్లలే. రంగురంగుల బట్టలు, వాలిన చూపులు, పని లేని చేతులు. తమ రేపటిని ఇంకెవరో నిర్ణయిస్తారని వాళ్ళకు తెలిసినట్టుంటుంది. 1938లో విక్టర్ ఎగాన్‌ను పెళ్ళాడాక గోరఖ్‌పూర్ దగ్గర సరాయాలో, కుటుంబపు ఎస్టేట్‌లో ఉంటూ గీసిన 1940 నాటి ‘మంచం మీద సేదతీరుతున్న స్త్రీ’లో యజమానురాలు పడుకుని ఉంటుంది, పక్కన మరో స్త్రీ విసనకర్రతో కూర్చుని ఉంటుంది. ఇద్దరూ ఆ గదిలోనే బందీలు, ఒకరిది మాత్రం కొలువు కూడా. తన వర్గాన్ని ఇంత నిక్కచ్చిగా చూసిన మనిషిని పేదరికాన్ని చూడవచ్చిన యాత్రికురాలు అనలేం.

“అంత వెసులుబాటు ఉంటే ఎవరైనా గీస్తారు” అన్నది రెండో మాట. వెసులుబాటున్న జమీందారీ ఇళ్ళు దేశమంతా ఉండేవి, వాటిలో కుంచె పట్టిన ఆడవాళ్ళూ ఉండేవారు, కానీ చిత్రకళ దారి మళ్ళించినవాళ్ళు అరుదు. మరోవైపు, రాజమహేంద్రవరంలో 27 ఏళ్ళకే 1925లో కన్నుమూసిన దామెర్ల రామారావు ఏ ప్రభువంశ బిడ్డా కాకుండానే ఆంధ్ర చిత్రకళకు కొత్త దారి వేశాడు. కాబట్టి సంపద చదువునూ తీరికనూ ఇవ్వగలదు, చూపును ఇవ్వలేదు.

అమృత 1941 డిసెంబరు 5న లాహోరులో కన్నుమూసింది. 1976లో ఆమె చిత్రాలను జాతీయ కళాసంపదగా ప్రకటించారు, అవి దేశం దాటి పోకూడదని. అవి మనందరి వారసత్వం అన్నమాట. జైపూర్ హౌస్‌కు వెళ్ళినవాళ్ళు వేలం ధరనూ వంశాన్నీ కాసేపు పక్కనబెట్టి, ఆ బొమ్మల్లోని ఆడవాళ్ళు ఎటు చూస్తున్నారో, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో గమనించాలి. ఆ ప్రశ్న అడిగించగలగడమే ఆమె సాధించినది, అది ఏ కలిమీ కొనిపెట్టలేనిది.