కొండయూళ్ల యెండ

తూర్పుకనుమలలోని అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. చైత్రవైశాఖములందు బంగాళాఖాతపు తేమగాలి యా కొండల నెగబ్రాకి చల్లబడి, మధ్యాహ్నము తిరుగగనే యుఱుములతో వర్షించును. కాఫీతోటలు మల్లెలవలె గుబాళించుట కీ జల్లులే కారణము. ఆ వేళ పిల్లలను చెట్లక్రిందికి పోనీయరాదని తల్లు లెఱుగుదురు.

గాలి వాయవ్యమునుండి వీచెనా, మబ్బు కట్టదు. పైనుండి దిగు పొడిగాలి నొక్కుడుపడి కిలోమీటరునకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కును. పిడుగు చప్పుడు చేయును, ఎండ చేయదు. కావున మాకు దీనియందే భయ మెక్కువ. మైదానములందు 40 డిగ్రీలు చేరినగాని వాతావరణశాఖ వడగాలిగా నెంచదు. కొండలపై 30 చేరి, సాధారణముకంటె 4.5 డిగ్రీలు హెచ్చిన చాలును. వేసవి గడుప నచటి కేగు సోదరీమణులారా! చలువకు మరగిన దేహము వేడికి తాళజాలదు. దాహమని యడుగకమునుపే పిల్లలకును వృద్ధులకును ఉప్పువేసిన మజ్జిగయో, తరవాణియో యిండు.