అమ్మీ ఎందుకు నీళ్లు తాగలేదు?

గత అక్టోబరులో బంధువుల ఇంట నికాహ్‌కు నంద్యాల నుండి హైదరాబాద్‌కు కారులో బయలుదేరాము. అమ్మీ, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను. కారు నడిపింది పెద్దబ్బాయి. ప్రయాణాన్ని నడిపింది మాత్రం నేను. ఫజ్ర్ కాగానే కదలాలి, కర్నూలులో అల్పాహారానికి ఒక్కసారి ఆగాలి, జుహర్ వేళకు హైదరాబాద్‌లో ఉండాలి. ఏళ్ల తరబడి మదరసా గంటల మధ్య జీవించినవాణ్ణి కనుక ఇంటి ప్రయాణానికి కూడా గంట కొట్టే అలవాటు నాది. నిజానికి నికాహ్ మరుసటి రోజు. అంత తొందరకు కారణమేమీ లేదు.

“కాసేపు ఆగుదామా?” అని ఎవరైనా అడిగితే నా వద్ద హదీసు సిద్ధంగా ఉండేది. ప్రయాణం యాతనలో ఒక భాగమని, పని పూర్తికాగానే ఇంటివారి వద్దకు త్వరగా చేరుకోవాలని మహాప్రవక్త (స) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోను ఉన్న హదీసు అది. దాన్ని వినిపిస్తే ఇక ఎవరూ మాట్లాడేవారు కాదు.

కర్నూలు వద్ద తుంగభద్ర దాటి 44వ నంబరు జాతీయ రహదారిపై సాగుతున్నాము. బీచుపల్లి దగ్గర కృష్ణా వంతెన ఇంకా రానేలేదు, వెనుక టైరు పంక్చరైంది. స్టెప్నీలోనూ గాలి లేదు. అబ్బాయి ఒక లారీ ఆపి, టైరు వేసుకొని పంక్చరు దుకాణం వెతుక్కుంటూ వెళ్లాడు. మేము వేపచెట్టు నీడన నిలబడ్డాము. నేను గడియారం చూసుకుంటున్నాను.

చెట్టు వెనుకనున్న రైతు ఇంటి ఇల్లాలు మమ్మల్ని చూసి, “బయట నిలవడ్డరేంది, లోపలికి రాండ్రి” అని పిలిచి, చెంబుతో నీళ్లు తెచ్చింది. అమ్మీ చెంబు అందుకున్నారు, కాని తాగలేదు. ఆమె చెవిలో ఏదో అడిగారు. ఇద్దరూ పెరటివైపు వెళ్లారు. తిరిగి వచ్చిన తరువాత అమ్మీ ఆ చెంబు నీళ్లన్నీ తాగి, మరో చెంబు అడిగారు. కారులో ఆమె పక్కనున్న నీళ్ల సీసా నిండుగానే ఉన్నదని అప్పుడు గమనించాను.

“అమ్మీ ఎందుకు నీళ్లు తాగలేదు?” అని నా భార్యను అడిగాను. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి అన్నది: “తాగితే మధ్యలో కారు ఆపమని అడగాలి కదండీ. మీరు విసుక్కుంటారని, ప్రయాణమంటే ఆమె ముందు రాత్రి నుండే నీళ్లు తగ్గించేస్తారు. నేనూ అంతే.”

అమ్మీకి డెబ్బై ఎనిమిదేళ్లు. మధుమేహం ఉంది.

నేను పదేపదే వినిపించే హదీసులోని మరొక భాగం ఆ క్షణాన గుర్తుకు వచ్చింది. ప్రయాణం యాతన కావడానికి కారణాన్ని కూడా ప్రవక్త (స) అందులోనే తెలిపారు: అది మనిషికి అన్నపానీయాలను, నిద్రను దూరం చేస్తుంది. నా తల్లికి నీటిని దూరం చేసింది ప్రయాణం కాదు, నేను. ఇంటివారిపై ప్రేమతో త్వరపడమన్న మాటను ఇంటివారి మీదనే బరువుగా మోపాను.

అబ్బాయి వచ్చేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో నేను ఏటేటా విద్యార్థులకు చెప్పే మరో సంఘటన మనసులో మెదిలింది. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర) హారం జారిపోయింది. దానిని వెతకడానికి ప్రవక్త (స) ఆగారు. ఆయనతోపాటు బిడారమంతా ఆగింది. ఆ చోట నీళ్లు లేవు, ప్రజల వద్దా లేవు. కూతురి వల్లనే అందరూ ఇలా చిక్కుకున్నారని హజ్రత్ అబూబక్ర్ (ర) ఆమెను మందలించారు. ప్రవక్త (స) మాత్రం ఆమె ఒడిలో తల ఉంచి నిద్రిస్తున్నారు. తెల్లవారేసరికి తయమ్ముమ్ ఆయతు అవతరించింది. తరువాత ఒంటెను లేపితే హారం దాని కిందనే దొరికింది. నీళ్లు లేనిచోట మట్టితో శుద్ధి పొందే సౌలభ్యం యావత్తు ముస్లిం సమాజానికి ఒక అనుకోని మజిలీలో లభించింది. ఈ సంఘటన నుండి తయమ్ముమ్ నియమాలన్నీ బోధించాను. ఒక స్త్రీ అవసరం కోసం బిడారమంతా ఆగిందన్న విషయం మీద మాత్రం ఎన్నడూ ఆగలేదు.

టైరు బిగించిన తరువాత, ఆ ఇల్లాలికి కృతజ్ఞతలు చెప్పి మెల్లగా బయలుదేరాము. వంతెన దాటగానే నేనే కారు ఆపమన్నాను. అమ్మీ నదిని చాలాసేపు చూశారు. చిన్ననాడు తండ్రితో ఎడ్లబండిలో మేనమామ ఊరికి వెళ్లే సంగతి చెప్పారు. దారిలో ప్రతి చెరువు దగ్గరా బండి ఆగేదట. “ఎడ్లకు నీళ్లు పెట్టాలి కదా, బేటా. వాటితోపాటు మేమూ తాగేవాళ్లం” అన్నారు. ఎవరినీ నిందించే స్వరం కాదది. అయినా నేను తల ఎత్తలేకపోయాను. పచ్చిక ఉన్న నేలపై ప్రయాణిస్తే ఒంటెలకు వాటి వంతు మేయనివ్వమని ప్రవక్త (స) ఆదేశించారు. నా కారులోని మనుషులకు ఆ పాటి వంతు కూడా దక్కలేదు.

జడ్చర్లలో మస్జిద్ దగ్గర ఆగి జుహర్ ఖస్ర్ చేశాము. నాలుగు రకాతులకు బదులు రెండు. సలామ్ చెప్పిన తరువాత ఆలోచించాను: అల్లాహ్ ప్రయాణికుని కోసం తన ఆరాధనలోనే సగం సడలించాడు. నేను నావాళ్లకు పది నిమిషాలు సడలించలేకపోయాను.

బాలానగర్ వద్ద రోడ్డు పక్కన సీతాఫలాల గంపలు కనిపించాయి. పిల్లలు అడగకముందే ఆపించాను. చెట్టు కింద కూర్చొని, గింజలు ఊస్తూ, చేతులు జిగురు చేసుకొని తిన్నాము. హైదరాబాద్ చేరేసరికి అస్ర్ దాటింది. ఆలస్యమైందని ఎవరూ అనలేదు.

ఇప్పుడు మా ఇంట ప్రయాణానికి కొన్ని నియమాలున్నాయి. ఒక గంట ముందు బయలుదేరుతాము. గంటన్నరకు ఒకసారి, ఎవరూ అడగకుండానే, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకు వద్దనో, స్త్రీలకు వుజూ సదుపాయమున్న మస్జిద్ వద్దనో ఆగుతాము. “ఆపాలా?” అని అడగను, అడిగితే మన ఇళ్లలోని స్త్రీలు “వద్దు” అనే అంటారు. పెద్దల చేతికి నీళ్లు నేనే అందిస్తాను. నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకొని గంటల కొద్దీ కూర్చోవడం వృద్ధులకు, మధుమేహం ఉన్నవారికి ఎంత హాని చేస్తుందో వైద్యులు చెబుతూనే ఉన్నారు.

సోదరులారా! తదుపరి ప్రయాణంలో ఒకసారి వెనుక సీటులోని నీళ్ల సీసా వైపు చూడండి. అది నిండుగా ఉంటే దాహం లేదని అనుకోకండి.

తిరుగు ప్రయాణంలో షాద్‌నగర్ దాటేసరికే అమ్మీ సీసా ఖాళీ అయింది. కొద్ది దూరం పోయాక, నాకు గుర్తున్నంతవరకు మొదటిసారి, ఆమె నా భుజం తట్టి, “బేటా, కాస్త ఆపమను” అన్నారు.