పిల్లల్ని ఇంట్లో ఎప్పుడు వదలొచ్చు?

నాట్ల రోజులు వచ్చాయంటే తల్లులు తెల్లవారక ముందే కూలికి బయలుదేరతారు. ఇంట్లో ముసలివాళ్లు లేకపోతే చంటిపిల్లను ఎవరు చూస్తారు? ఎనిమిదేళ్ల పెద్దపిల్ల చూస్తుంది. ఆ పిల్ల నాట్లు అయ్యేదాకా బడికి పోదు. తరువాత కలుపు తీసే రోజులు వస్తాయి. అప్పుడూ పోదు. చివరికి బడే మానేస్తుంది.

తల్లిని తప్పు పట్టి లాభం లేదు. కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. అయితే వెళ్లేముందు రెండు మాటలు ఆలోచించుకోవాలి. ఈ పిల్ల ఒంటరిగా ఉండగలదా? చిన్నవాళ్లను చూడగలదా? ఒంటరిగా ఉండగలిగిన పిల్లలందరూ చిన్నవాళ్లను చూడలేరు.

వయసు ఎంత ఉండాలి?

ఇన్నేళ్లు నిండితే ఒంటరిగా వదలొచ్చని మన చట్టంలో లెక్క రాసి లేదు. తల్లిదండ్రులే ఆలోచించి నిర్ణయించుకోవాలి.

ఆరేళ్ల లోపు పిల్లల్ని కాసేపు కూడా ఒంటరిగా వదలకూడదు. బకెట్లో జానెడు నీళ్లున్నా పాకే పిల్ల తలకిందులుగా పడి చనిపోవచ్చు. ఆరు నుంచి పదేళ్ల పిల్లలకు చెప్పింది తెలుస్తుంది. కాని భయం వేస్తే అంతా మరిచిపోతారు. వాళ్లను పెద్దవాళ్ల కనుచూపులో ఉంచాలి. పది, పన్నెండేళ్లు వచ్చాక కొందరు పగటిపూట గంటో, రెండు గంటలో ఉండగలరు. చంటిపిల్లను చూడటం అంతకంటే కష్టం. పదమూడేళ్లు దాటినా, పక్కింట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే కొద్దిసేపు అప్పగించాలి. రాత్రిపూట ఒంటరిగా వదలకూడదు.

ఎలా తెలుసుకోవాలి?

వయసు ఒక్కటే చూస్తే చాలదు. ఇవి కూడా చూడాలి:

1. మీరు ఎదురుగా లేనప్పుడు కూడా చెప్పిన మాట వింటుందా?
2. కొత్తమనిషి వచ్చి "మీ నాన్న పంపాడు, తలుపు తియ్యి" అంటే ఏం చేస్తుంది?
3. ఇంట్లో నిప్పు అంటుకుంటే ఏం చేస్తుంది?
4. మీ ఫోను నంబరు చూడకుండా చెప్పగలదా?
5. అసలు ఒంటరిగా ఉండటం ఆ పిల్లకు ఇష్టమేనా?

నోటితో చెబితే చాలదు. చేసి చూపించమనాలి. మొదట పావుగంట వదిలి చూడాలి. తరువాత అరగంట. ప్రతిసారీ ఇరుగుపొరుగుకు చెప్పి వెళ్లాలి. మగపిల్లలకూ ఇదే పద్ధతి.

వెళ్లేముందు ఏం చెయ్యాలి?

పురుగుమందు, కిరసనాయిలు, మందుబిళ్లలు, అగ్గిపెట్టె పిల్లలకు అందకుండా దాచాలి. గ్యాసు పొయ్యి ఉంటే సిలిండరు దగ్గరే కట్టెయ్యాలి. బకెట్లలో నీళ్లు వంపెయ్యాలి. నీళ్లతొట్టికి మూత పెట్టాలి. కొందరు బయట తాళం వేసి పోతారు. అలా చెయ్యకూడదు. నిప్పు అంటుకుంటే పిల్లలు బయటికి రాలేరు.

పిల్లకు ఏం నేర్పాలి?

చంటిపిల్లకు వేరుశెనగ గింజలు పెట్టకూడదు. గొంతులో అడ్డం పడతాయి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లనీళ్లు పోస్తూ ఉండాలి. సిరా, పేస్టు పుయ్యకూడదు. కిరసనాయిలు తాగితే వాంతి చేయించకూడదు. ఏం జరిగినా ముందు కేకవేసి పెద్దవాళ్లను పిలవాలి. 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. పిల్లలకు ఆపద వస్తే 1098కి చెయ్యాలి. వీటికి డబ్బులు పడవు.

ఇంకొక మాట. ఎవరైనా ఒంటిమీద చెయ్యి వేసి "ఎవరికీ చెప్పొద్దు" అంటే, వెంటనే అమ్మకు చెప్పమనాలి. ఆ మనిషి చుట్టమైనా సరే. చెప్పినందుకు పిల్లను తిట్టకూడదు.

మరి బడి సంగతి?

ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచితంగా చదువు చెప్పాలని 2009లో చట్టం చేశారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. చంటిపిల్ల కోసం పెద్దపిల్ల ఆ హక్కు పోగొట్టుకోకూడదు.

మూడేళ్లు నిండిన పిల్లల్ని అంగన్‌వాడీకి పంపొచ్చు. అంతకంటే చిన్నవాళ్ల కోసం నాలుగైదు ఇళ్లవాళ్లు కలుసుకోవాలి. రోజుకు ఒక తల్లి ఇంటి దగ్గర ఉండి అందరి పిల్లల్నీ చూడాలి. మిగతావాళ్లు తమ కూలిలో తలా కొంత ఆమెకు ఇవ్వాలి. ఇదేమీ కొత్త సంగతి కాదు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టంలో ఇలాంటి ఏర్పాటే రాశారు. పనిచోటికి ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ మంది వస్తే, వాళ్లను చూడటానికి ఒక స్త్రీని పెట్టాలని అందులో రాశారు. ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. పిల్లల్ని చూడటం కూడా పనే అని ఆ చట్టం ఒప్పుకుంది.

మాట్లాడుకోండి

1. మీ వీధిలో తమ్ముణ్ణో, చెల్లెల్నో ఎత్తుకుని బడి మానిన పిల్లలు ఎంతమంది?
2. పని రోజుల్లో చంటిపిల్లల్ని చూడటానికి మీ పొదుపు సంఘం ఏం చెయ్యగలదు?
3. మీ ఫోను నంబరు, 108, 1098 గోడమీద పెద్ద అంకెలతో రాయండి. పిల్లల చేత చదివించండి.