విద్యార్థులలో నాయకత్వం - మన బాధ్యత

పదవ తరగతి గట్టెక్కిన పిల్లవాడికి ఇంట్లో వినిపించే మొదటి మాట, "ఇక రెండేళ్ళు తల ఎత్తకుండా చదువు" అని. ఆ మాటలో ప్రేమే ఉన్నది, సందేహం లేదు. కాని తల ఎత్తడం, నలుగురిలో నిలబడి మాట్లాడడం, ఒక పనిని నెత్తిన వేసుకుని పూర్తి చేయడం నేర్చుకోవలసిన వయస్సు కూడా అదే. ఈ సంగతి మనం మరచిపోతున్నాము.

కొత్తకోటనే తీసుకుందాం. 2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనూ, తరువాత వనపర్తి జిల్లాలోనూ ఉన్న ఈ ఊరు హైదరాబాదు - కర్నూలు రహదారి మీదనే ఉన్నది. బస్సెక్కితే పట్నం దూరమేమీ కాదు. అయితే ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అయిన మన పిల్లలు పట్నం చేరిన తరువాత ఏ భాషలోనూ నోరు విప్పలేకపోతే, మార్కుల జాబితా ఒక్కటే వారిని ఎంత దూరం నడిపిస్తుంది?

మహాప్రవక్త (స) యువకులను ఎలా తీర్చిదిద్దారో చూడండి. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) చిన్న వయస్సులోనే ప్రవక్త (స) ఆదేశం మేరకు యూదుల లిపి నేర్చుకుని ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు. ఆయనే తరువాత ఖుర్ఆన్ సంకలన బాధ్యత వహించారు. ఇరవై ఏళ్ళయినా నిండని హజ్రత్ ఉసామా (రజి)ను పెద్దలున్న సైన్యానికి సేనానిగా నియమించారు. మరోవైపు, పదవి కోరిన హజ్రత్ అబూజర్ (రజి)కు అది అమానతు అని చెప్పి నిరాకరించారు. నాయకత్వం గౌరవం కోసం అడిగి పుచ్చుకునేది కాదనీ, శిక్షణతో, అర్హతతో మోయవలసిన బరువనీ ఈ సంఘటనలు తెలుపుతున్నాయి.

ఇక అవకాశాల విషయం. జాతీయ సేవా పథకం 1969లో విశ్వవిద్యాలయాలలో ప్రారంభమై, 1985 నుండి ఇంటర్ స్థాయికి కూడా వచ్చింది. ఇందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు సేవ చేయాలి, ఏడు రోజుల శిబిరంలో పాల్గొనాలి. 120 గంటలంటే రోజుకు ఇరవై నిమిషాలు! చదువు పాడవుతుందన్న భయం అక్కర లేదు. ఎన్.సి.సి., స్కౌట్స్ - గైడ్స్ కూడా ఉన్నాయి. 2016లో 71 పాఠశాలలతో మొదలైన తెలంగాణ మైనారిటీ గురుకులాలు తరువాత 204కు పెరిగాయి. వాటిలో అనేకం జూనియర్ కళాశాలలయ్యాయి.

పేదరికం అడ్డు అంటారా? మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. ఆమెకు కొండలెక్కడంలో తొలి శిక్షణ లభించింది మన నల్లగొండ వైపు భువనగిరి గుట్ట మీదనే. తరువాత డార్జిలింగులో శిక్షణ పొంది, 2014 మే 25న పదమూడేళ్ళ వయస్సులో, మరో గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. ఆమెకు ముందు దొరికింది ఒక అవకాశం, నమ్మిన పెద్దలు.

మన మస్జిదులు కూడా ఇటువంటి పాఠశాలలు కాగలవు. జుమా ప్రసంగ సారాంశాన్ని తెలుగులో వ్రాసే పని ఒక విద్యార్థికి అప్పగించండి. పఠనాలయం లెక్కలు మరొకరికి ఇవ్వండి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపి పెట్టే బాధ్యత ఇద్దరు ముగ్గురికి పంచండి. ఆ పనులను నెలకొకసారి వారి చేతనే సమీక్షింపజేయండి. తప్పు చేస్తే పని లాక్కోకుండా సరిదిద్దండి. ఆడపిల్లలను దీనికి దూరంగా ఉంచకండి. హజ్రత్ ఆయిషా (రజి) వద్ద ధర్మవిద్య నేర్చుకున్న సమాజం మనది.

దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరా పేరే షూరా, అంటే సంప్రదింపు. మన పదిహేడేళ్ళ పిల్లలను సంప్రదింపులో కూర్చోబెట్టకుండా, ఇరవై ఏడేళ్ళు వచ్చేసరికి వారు సమాజాన్ని నడిపించాలని ఆశించడం న్యాయం కాదు. ఈ వారమే మీ ఇంటి విద్యార్థిని అడగండి: కళాశాలలో సేవా పథకం ఉన్నదా? లేకుంటే ప్రిన్సిపాలు గారిని కలవడానికి మీరు సిద్ధమా?